తోలుమేజోళ్ల వేటగాడును అచ్యుతాపురపు పాఠకుడును

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీని బొబ్బిలికోట కూలెను. ఆ యేటనే జూను నెలాఖరున విశాఖపట్టణమునందలి ఇంగ్లీషువారి కోఠీ ఫ్రెంచి సేనాని బుస్సీకి లొంగిపోయెను. ఆగస్టు 9వ తేదీని, భూగోళమున కావలివైపున, ఉత్తరామెరికాలోని జార్జి సరస్సు తీరమున, విలియం హెన్రీ అను మఱియొక ఇంగ్లీషుకోట మోంకాం అను మఱియొక ఫ్రెంచి సేనానికి వశమయ్యెను. ఈ మూడింటి వెనుకను ఆంగ్లేయ ఫ్రెంచి జాతుల వైరమే యున్నది. బొబ్బిలియందు దానికి విజయనగరమువారి పాతపగ తోడయ్యెను. ఆ మూడవకోట పతనమును, శరణుజొచ్చి వెడలిపోవుచున్న సైనికులపై జరిగిన హత్యాకాండను ఆధారముగా గొని జేమ్స్ ఫెనిమోర్ కూపరు 1826లో ‘ది లాస్ట్ ఆఫ్ ది మొహికన్స్’ అను నవల వ్రాసెను. ఒకవైపు పూడిమడక సముద్రమును, ఒకవైపు కొండకర్ల ఆవయు గల అచ్యుతాపురమున కూర్చుండి ఆ నవలను విప్పిన పాఠకునికి అందలి దేశకాలములు తాననుకొన్నంత దూరపువి కావు.

అయితే ఈ రెండు కథలను చెప్పినవారు మాత్రము ఒక్క తీరువారు కారు. బొబ్బిలికథను జంగములు ఊరూర పాడిరి; దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’గా రచించెను; 1964లో అది చలనచిత్రముగను వచ్చెను; వీరందఱును ఓడిన రంగారావు పక్షమున, తాండ్ర పాపారాయని పక్షమున నిలిచి చెప్పినవారే. మొహికనుల కథ చెప్పినవాడో, ఆట్సెగో సరస్సు దాపున అడవులను కొని, నఱికించి, ముక్కలుగా అమ్మి, తన పేర కూపర్స్‌టౌన్ అను పట్టణమును నిలిపిన భూవ్యాపారి విలియం కూపరు కుమారుడు. ఓడినవారికై అతడు కార్చిన కన్నీరు కపటమని నేననను. కాని తండ్రి సంపాదించిన నేలమీద నిలిచి కార్చిన కన్నీరది యన్న యెఱుక లేక ఆ నవలలను చదువుట నేటివానికి తగదు.

తెలుగు పాఠకలోకమున కీ యమెరికా సరిహద్దు ప్రపంచము తొలుత పరిచయమైనది కూపరు మూలమునగాదు, అతనిని ఎగతాళిచేసిన మార్క్ ట్వేను మూలమున. నండూరి రామమోహనరావుగారు టాం సాయరును, హకల్బెరీ ఫిన్నును తెనిగించి మా తరమువారి బాల్యమునకు చేసిన ఉపకారము ఇంతింతనరానిది. అయినను టాం సాయరు కథలో మనకెదురైన అమెరికా ఆదివాసి హత్యచేసి గుహలో దాగిన ఇంజన్ జో యొక్కడే. ఆ ముద్ర చెఱగుటకు చాలకాలము పట్టినది, కొందఱికి చెఱగనేలేదు. ఇక 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ చలనచిత్రము వచ్చినది. దానికి రచన చేసిన ఆరుద్ర అచ్యుతాపురమునకు పొరుగున నున్న యలమంచిలిలో పుట్టినవాడు. కౌబాయి టోపీలను, తుపాకులను, గుఱ్ఱపుదౌడులను తెల్లదొరల నాటి మన నేలకు దింపి, వానిచేత తేటతెనుగు పలికించిన ఘనత ఆయనది. ఆ చిత్రమున అమెరికా ఆదివాసులు లేరు; ఉండవలసిన అవసరమును లేదు. అది విశుద్ధవినోదము, దానిపై నాకే ఫిర్యాదును లేదు.

కూపరు శైలి నేటివానికి పరీక్షయే. ఒక పాత్ర ఏఱు దాటవలెనన్న రెండు పుటల ప్రకృతివర్ణన దాటవలెను. ప్రాణాపాయవేళగూడ సుదీర్ఘోపన్యాసములు తప్పవు. కీలకసమయమున ఎవడో ఒకడు ఎండుపుల్లమీద అడుగువేసి శత్రువులను లేపుట కూపరునకు పరిపాటియని ట్వేను 1895లో చేసిన హేళన అన్యాయమేమియు కాదు. కాని ట్వేను నవ్విన చోటులను దాటి, అతడు నవ్వని ‘ది పయొనీర్స్’ను చేపట్టినచో పాఠకుని శ్రమ ఫలించును.

1823లో వెలువడిన ఆ నవల తోలుమేజోళ్లవాడని పేరువడసిన నాటీ బంపో కథలలో మొదటిది. కాని కథాకాలమున అతడు వృద్ధుడు. క్రొత్తగా వెలసిన ఊరివారు వసంతమున ఆకాశము నిండ వచ్చు పావురములపై తుపాకులతో, గడకఱ్ఱలతో, తుదకు చిన్న ఫిరంగితోగూడ విరుచుకొనిపడి, తినుటకుగాక చంపుటకే చంపి, నేలనెల్ల కళేబరములతో కప్పిన వేళ, నాటీ తనకు కావలసిన ఒక్క పక్షిని ఒక్క గుండుతో పడగొట్టి, మిగిలినవారిని చీవాట్లుపెట్టి తన దారిని తాను పోవును. ఆ జాతి పావురములలో కడపటిది 1914లో సిన్సినాటి జంతుశాలలో చచ్చిపోయినదని యెఱిగిన మనకు, ఆ విషయ మెఱుగనేరని కూపరు వ్రాసిన ఆ ఘట్టము అతని తొలిపాఠకులకంటె భయావహముగ తోచును. ఆ పిమ్మట వేటకు నిషిద్ధమైన ఋతువున నాటీ ఒక లేడిని చంపును. నలువది యేండ్లుగా ఆ యడవియందే బ్రదుకుచున్నవానికి నిన్న మొన్న వచ్చినవారు చేసిన చట్టము తలకెక్కదు. గుడిసె సోదాకు వచ్చినవారికి తుపాకి చూపును. తన కుమార్తెను క్రూరమృగము వాతబడకుండ నాటి దినముననే కాపాడిన యీ ముదుసలికి న్యాయాధిపతి టెంపులు, మనసు కలతపడినను చట్టము చట్టమేయని, జుల్మానాయు కారాగారమును విధించును. సంతజనము చూచుచుండగా ముసలివాడు ఒక గంటసేపు బొండకొయ్యలో కాళ్లిఱికించుకొని కూర్చుండును. పావురములను గుట్టలుగా పోసినవారిలో శిక్షపడినవా డొక్కడును లేడు.

ఈ బొండకొయ్య ఘట్టమును చదువుచు మన్యమును తలపోయకుండుట విశాఖ ప్రాంతమువానికి సాధ్యము కాదు. 1839నాటి చట్టముతో ఆ కొండసీమ సామాన్య న్యాయస్థానముల పరిధిని దాటి కలెక్టరే ఏజెంటుగా పాలించు ఏజెన్సీ యైనది. 1882నాటి మదరాసు అటవీచట్టముతో, తాతలనాటినుండి పోడుకొట్టుకొనినవాడు తన కొండమీదనే నేరస్థుడైనాడు. దానికి మూడేండ్లకు ముందు, 1879లో, రంప తిరుగుబాటును రగిల్చినది కల్లు. ఇంటిత్రాగుడుకు గీచుకొను చెట్టుకల్లుపై చిగురుపన్ను, దానిపైని కంట్రాక్టరుల దోపిడి, అప్పులిచ్చి పశువులను తోలుకొనిపోవు మైదానపు వర్తకుల దావాలు — ఇవన్నియు కలిసి కారం తమ్మన్నదొర వంటివారిచేత ఆయుధము పట్టించి గూడెముకొండలవఱకు ప్రాకినవి. కూపరు మొహికనుల నవలలో ప్రతినాయకుడగు మాగ్వా క్రౌర్యమునకు మూలమును ఇట్టిదే: తెల్లవారు నేర్పిన సారా త్రాగి తప్పుచేసినందుకు తెల్లదొర మన్రో అతనిని కొరడాతో కొట్టించెను. కూపరు ఈ మాటను మాగ్వానోటనే చెప్పించి, మఱల అతనిని రాక్షసునిగనే నడపించి, కొండచఱియనుండి పడద్రోసినాడు. ఆ పుటవద్ద నేటి పాఠకుడు ఒక్కింత ఆగును. మన మైదానపు కథకులు మన్యపువానిని ఎన్నిమార్లు మాగ్వాగా చూపిరో, ఎన్నిమార్లు మాగ్వామాట వినిరో లెక్కించుకొనుట కది తగిన తావు.

‘ది పయొనీర్స్’కు అసలు ప్రాణము నేలపై హక్కు. టెంపులు అనుభవించుచున్న భూమి ఎవ్వరిది? డెలవేరు ఆదివాసులు అది దానముగా నిచ్చినది మేజర్ ఎఫింగ్‌హాముకు. అది టెంపులు చేతికెట్లు చిక్కెనన్న సందేహము గ్రంథమంతట వ్యాపించియుండును. ఆ హక్కును పౌరుషముతో అడుగు యువకుడు ఆలివర్ ఎడ్వర్డ్స్‌లో ఆదివాసి రక్తమున్నదని పాఠకుడు నమ్మునట్లు నడిపి, తుదకతడు ఎఫింగ్‌హాము మనుమడగు శుద్ధశ్వేతజాతీయుడని తేల్చి, టెంపులు కూతునిచ్చి పెండ్లిచేసి, కూపరు ఆ ప్రశ్నను కల్యాణమంటపమున సమాధిచేసెను. ఒకనాటి మొహికను వీరుడు, నాటీ చెలికాడు చింగచ్‌గూకు మాత్రము బుట్టలల్లి అమ్ముకొనుచు, పానశాలలో తూలుచు, కార్చిచ్చులో మరణించును. ఆయన కెవ్వరును పట్టా చూపలేదు. ప్రత్యేక ఆర్థిక మండలికై అచ్యుతాపురము, రాంబిల్లి మండలములలో పొలములు పోయినపుడు పట్టా, డి-పట్టా, నష్టపరిహారము, నిర్వాసితుల కాలనీ అను మాటలు ఊరి రచ్చబండమీద ఇంటిమాటలైనవి. బ్రాండిక్స్ దుస్తుల కర్మాగారమునకు బస్సెక్కు ఆడపడుచులలో ఆ పొలముల తాలూకువారును కలరు. జీతము వచ్చుచున్నదను తృప్తియు, నేల పోయెనను వెలితియు ఒక్క ఇంటనే ఉండుట అక్కడ వింతగాదు. ఇట్టి ఊరివాడు కూపరు చేసిన పెండ్లితో మోసపోడు.

‘కడపటి మొహికను’ అనుట చరిత్రరీత్యా పొరపాటే. కూపరు ఆ గ్రంథము వ్రాయుచున్న దశాబ్దముననే మొహికనులు న్యూయార్కునుండి పడమటికి నెట్టబడుచు విస్కాన్సిన్ చేరుచుండిరి. 1830లో ఆదివాసుల తరలింపు చట్టమే వచ్చినది. స్టాక్‌బ్రిడ్జి-మన్సీ జాతిగా వారు నేటికిని అచట నున్నారు. బౌలరు గ్రామమున వారి గ్రంథాలయమును, ప్రదర్శనశాలయు కలవు.

క్రొత్తగా చదువబూనువాడు కూపరు వెలువరించిన క్రమముననే, అనగా ముసలి నాటీతో మొదలిడుట మేలు. 1841లో వచ్చిన ‘ది డీర్‌స్లేయర్’లోని పడుచు నాటీని కడకుంచుకొనవచ్చును. వర్ణనలను దాటవేసినను దోషములేదు, బొండకొయ్యను మాత్రము దాటవేయరాదు. మొహికనుల నవలను చదువునపుడు ప్రక్కన బొబ్బిలికథయు, రంప తిరుగుబాటుపై ఏదేని మంచి పుస్తకమును ఉండవలెను.