నెల, ఋతువు, చంద్రుడు

తెలుగున 'నెల' యను మాటకు రెండర్థములు గలవు. ఆకాశమందలి చంద్రుడును నెలయే, ముప్పది దినముల కాలమును నెలయే. వెన్నెల, నెలవంక, శివునికి గల నెలతాల్పు అను పేరు, వీనియందు మొదటి అర్థము నిలిచియున్నది. జీతము, అద్దె, వడ్డీ లెక్కలలో రెండవ అర్థము మిగిలినది. స్త్రీ గర్భవతి యైనప్పుడు 'నెల తప్పినది' అందురు. వేదభాషలో 'మాస్' అను శబ్దమును ఇట్టిదే. దానికి చంద్రుడనియు నెల యనియు అర్థము. గ్రీకు, లాటిన్ భాషలలో నెలను దెలుపు మాటలు దీని దాయాదులు. ఋతుస్రావమునకు ఐరోపా వైద్యులు పెట్టిన పేరు ఆ లాటిన్ మాట నుండియే వచ్చినది.

ఈ సామ్యమును చూచి, స్త్రీల ఋతుచక్రము చంద్రుని వలన నడచునని వేదములే చెప్పినవని వ్రాయువారు కలరు. ముట్టునాటి ఆచారములన్నింటికిని చంద్రశాస్త్రము ఆధారమని చెప్పువారును కలరు. గ్రంథములను తెరచి చూచినచో సంగతి వేరుగా నున్నది.

ఋతుస్రావము ఎట్లు కలిగినదో చెప్పు ప్రసిద్ధమైన వైదిక కథ కృష్ణయజుర్వేదమునకు చెందిన తైత్తిరీయ సంహిత, రెండవ కాండములో గలదు. ఆంధ్రదేశపు వైదికులలో పెక్కుమంది అధ్యయనము చేయునది ఈ శాఖయే. త్వష్ట కుమారుడగు విశ్వరూపుడు మూడు తలలవాడు, దేవతలకు పురోహితుడు. ఇంద్రుడు అతనిని సంహరించి బ్రహ్మహత్యాదోషమును మూటగట్టుకొనెను. ఒక సంవత్సరము మోసిన పిమ్మట దానిని మూడు భాగములుగా పంచెను. భూమి ఒక భాగము తీసికొని, త్రవ్విన గోతులు ఏడాదిలో పూడునట్లు వరము పొందెను; ఆ భాగము చవుడు నేలయైనది. చెట్లు ఒక భాగము తీసికొని, నరికినచోట చిగిర్చునట్లు వరము పొందెను, అది బంకయైనది. మూడవ భాగము తీసికొన్నవారు స్త్రీలు. ఋతువు వలన సంతానము కలుగుట వారి వరము. రజస్స్రావము వారు మోసిన దోషము.

ఈ కథ యందు చంద్రుని పేరు ఒక్కసారియైన రాదు. భూమి, చెట్టు, స్త్రీ, ఈ మూడును గాయపడియు మరల ఫలించునవి యను పోలికయే ఇందలి ప్రాణము. కథ వెంటనే నియమములు వచ్చును. ఆ మూడు రాత్రులు స్త్రీ స్నానము చేసినచో పుట్టు బిడ్డ నీటిలో చచ్చును, గోళ్లు కత్తిరించుకొన్నచో పుచ్చుగోళ్లవాడు పుట్టును, త్రాడు పేనినచో ఉరివేసికొనువాడు పుట్టును, ఇట్లు వరుస సాగును. ఇవి ఆరోగ్యసూత్రములని ఇప్పుడు వ్యాఖ్యానించుట కద్దు. స్నానమును నిషేధించు ఆరోగ్యసూత్రము ఎట్టిదో ఆ వ్యాఖ్యాతలే చెప్పవలెను. ఇందు కనబడునది బిడ్డను గూర్చిన భయము. ఆ భయభారమంతయు తల్లిపై మోపబడినది. మూడు దినములు స్త్రీని వేరుగా నుంచు ఆచారమునకు ఆధారమిక్కడ కలదు గాని, దానికిని చంద్రకళలకును పొత్తు లేదు.

అయినచో వేదమున చంద్రునికి పనియేమి? పని చాల గలదు. దర్శపూర్ణమాసములను యాగములు అమావాస్యా పూర్ణిమలను బట్టి జరుగును. అదే తైత్తిరీయ సంహితలో ప్రజాపతి తన ముప్పదిముగ్గురు కుమార్తెలను సోమరాజున కిచ్చిన కథ గలదు. సోముడు రోహిణి యొక్కతె యొద్దనే నిలిచినందున అతనికి రాజయక్ష్మ పట్టినది. పురాణములలో ఆ కుమార్తెలు ఇరువదియేడుగురు నక్షత్రకాంతలైరి. ఇక ఉపనిషత్తులలో చంద్రుడు సంతానమునకు మూలస్థానము. ఛాందోగ్యము ప్రకారము జీవులు చంద్రలోకమునుండి వానగా దిగి, ఓషధులై, అన్నమై, పురుషుని రేతస్సై పుట్టుదురు. కౌషీతకియును రేతస్సును చంద్రునినుండియే దింపినది. అనగా చంద్రుడు చేరిన పక్షము స్త్రీది కాదు, పురుషునిది.

వైద్యులు ఈ విభజనను ఇంకను స్పష్టము చేసిరి. సుశ్రుత సంహిత శుక్రము సౌమ్యమనియు, అనగా సోమగుణము గలదనియు, ఆర్తవము ఆగ్నేయమనియు చెప్పినది. స్త్రీ రజస్సు అగ్ని పాలు, చంద్రునిది కాదు! నేడు చలామణియగుచున్న 'చంద్రస్త్రీ' భావనకు ఇది నేరుగా ఎదురు. సుశ్రుతుడు రజస్సు పండ్రెండవ యేట మొదలై యేబదవ యేట ఉడుగుననెను. చరకసంహిత ఆరోగ్యకరమైన ఆర్తవము నెలనెలకును వచ్చి, అయిదు రాత్రులుండి, మంటయు నొప్పియు లేక యుండునని లక్షణము చెప్పినది. ఇది రోగులను చూచినవారి మాట. నెల యనునది ఇక్కడ కొలమానమే గాని కారణము కాదు.

ఋతుకాలము సుశ్రుతుని లెక్కలో పండ్రెండు రాత్రులు. సాయంకాలమున తామర ముకుళించినట్లు ఆ తరువాత గర్భద్వారము మూసికొనునని అతని ఉపమానము. మనుస్మృతి లెక్క పదునారు రాత్రులు. అండము సామాన్యముగా రాబోవు స్రావమునకు రమారమి పదునాలుగు దినముల ముందు విడుదలయగునని జపానీయ వైద్యుడు ఒగినో 1924లో చూపెను. ఇరువదియెనిమిది దినముల చక్రమున అది పదునాలుగవనాటి ప్రాంతమున పడును. అందుచే పదునారు రాత్రుల లెక్కలో అది ఇముడును, పండ్రెండింటిలో ఇముడదు. సరిరాత్రుల కొడుకులు, బేసిరాత్రుల కూతుళ్లు అను మనువు మాట మాత్రము నిలువలేదు. లింగనిర్ణయము రాత్రిని బట్టి కాక పురుషబీజమందలి క్రోమోసోమును బట్టి జరుగును.

మనుస్మృతిలో మరియొక విషయము గమనింపదగినది. ఋతుకాలమున భార్యను చేరవలెననుచు, పర్వదినములను విడువవలెనని అది విధించినది. రాత్రుల లెక్క స్రావము మొదలైన నాటినుండి, పర్వముల లెక్క ఆకాశమునుండి. స్త్రీలందరును చంద్రునితో పాటు నడచువారైనచో ఈ రెండు లెక్కలతో పనియే లేదు; ఫలానా తిథులని ఒక్కమాటలో చెప్పి యుందురు. రెండు లెక్కలు ఒకదానిపై నొకటి యెట్లైనను పడవచ్చునని స్మృతికారునికి తెలియును.

చంద్రుడు ఋతుస్రావమునకు కారణముగా సూటిగా నిలిచినది జ్యోతిషమున. క్రీ.శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహజ్జాతకము నాలుగవ అధ్యాయమును, నెలనెలకును వచ్చు ఆర్తవమునకు కుజుడును చంద్రుడును హేతువులను మాటతో ఆరంభించెను. చంద్రుడు జలము, కుజుడు అగ్ని. రక్తము జలము, పిత్తము అగ్ని. పిత్తము రక్తమును క్షోభింపజేయగా స్రావము కలుగునని సారావళి దీనికి ఉపపత్తి చెప్పినది. ఇందలి నేర్పు చూడదగినది. వరాహమిహిరుడు అమావాస్యా పూర్ణిమలను పట్టించుకొనలేదు. చంద్రుడు ఆ స్త్రీ జాతకమును బట్టి ఏ రాశిలో నున్నాడనునది అతని ప్రశ్న. అందువలన ఒకే యింటిలోని ముగ్గురు స్త్రీలకు మూడు వేర్వేరు దినములలో స్రావము కలిగినను సిద్ధాంతమునకు లోటు రాదు. తప్పు పట్టుటకు వీలులేని సిద్ధాంతము శాస్త్రమునకు ఉపకరింపదను మాట వేరు.

తెలుగు ఇండ్లలోనికి చంద్రుడు ఈ త్రోవనే ప్రవేశించెను. బాలిక ప్రథమ రజస్వల యైనప్పుడు తిథి, వార, నక్షత్రములు గుర్తించి పంచాంగములో ఫలములు చూచుటయు, చెడు నక్షత్రమైనచో శాంతి చేయించుటయు దీని ఫలితములే. నక్షత్రము బాగుండలేదని పిల్లను దిగులుపెట్టిన యిండ్లెన్నో!

ఇక లెక్క చూతము. లగధుని వేదాంగ జ్యోతిషము అయిదు సంవత్సరముల యుగమున 1830 దినములు, 62 చాంద్రమాసములు, చంద్రుడు నక్షత్రచక్రమును చుట్టు 67 పర్యాయములు చెప్పినది. భాగించినచో అమావాస్యనుండి అమావాస్యకు 29.52 దినములు, నక్షత్రమునుండి మరల అదే నక్షత్రమునకు 27.31 దినములు వచ్చును. నేటి విలువలు 29.53, 27.32. ఆ కాలమునకు ఇది మెచ్చదగిన కొలత. ఇరువదియెనిమిది దినముల చక్రము గల స్త్రీకి ఒకమారు పూర్ణిమనాడు స్రావము కలిగినచో, నెలకు ఒకటిన్నర దినము చొప్పున వెనుకకు జరిగి, రమారమి పదినెలలకు అది అమావాస్య చెంతకు చేరును. చక్రమును నడుపునవి పీయూషగ్రంథి, అండాశయముల స్రావములు. ఆడ చింపాంజీకి చక్రము అయిదు వారములు దాటును. చుంచెలుకకు నాలుగైదు దినములే. చంద్రుడు మాత్రము అన్నింటికిని ఒక్కడే.

అట్లని సంబంధము బొత్తిగా లేదని కొట్టివేయుటకును వీలులేదు. 826 మంది యువతులను గూర్చి 1986లో ప్రకటింపబడిన పరిశీలనలో నాలుగవ వంతుకు పైగా స్రావములు అమావాస్య ప్రాంతమున కలిగినట్లు తేలినది. 2019లో ఆరులక్షలకు పైగా చక్రములను లెక్కించగా సగటు 29.3 దినములు వచ్చినది. ఇది చాంద్రమాసమునకు దగ్గరయే, అయినను అది సగటు మాత్రమే. 2021లో జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన షార్లట్ హెల్ఫ్రిష్-ఫ్యోర్స్టర్ బృందము 22 మంది స్త్రీలు స్వయముగా వ్రాసియుంచుకొన్న దినచర్యలను పరిశీలించెను. వీనిలో కొన్ని 32 ఏండ్ల వరకు సాగినవి. కొందరి చక్రములు అప్పుడప్పుడు కొంతకాలము చంద్రునితో కలిసి నడచి మరల విడిపోయినవి. వయస్సు పెరిగినకొలదియు, రాత్రివేళ దీపకాంతి హెచ్చినకొలదియు ఆ కలయిక తగ్గినదని వారి అభిప్రాయము.

చంద్రుని లెక్క నిజముగా పనికివచ్చిన చోటు మరియొకటి గలదు. ఋగ్వేదము శిశువు తల్లి గర్భమున పది మాసములుండుననుచున్నది. తెలుగువారు నవమాసములు మోయుట యందురు. చివరి స్రావమునుండి ప్రసవమునకు సామాన్యముగా 280 దినములు. దీనిని 29.53చే భాగించినచో తొమ్మిదిన్నర నెలలగును. తొమ్మిది నిండినవి, పదవది నడచుచున్నది. ఋషి లెక్కయు అమ్మమ్మ లెక్కయు ఒక్కటియే.