ఎనిమిది చుక్కల లెక్క: డీసీటీ పుట్టుపూర్వోత్తరాలు

పది మంది చేతులు మారి మీ వాట్సాప్‌కు చేరిన తెలుగు అక్షరాల బొమ్మ ఏదైనా ఒకటి తీసి, వేళ్ళతో పెద్దది చేసి చూడండి. ఒత్తుల చుట్టూ, గుడుల అంచుల వెంట సన్నటి మరకలు కనిపిస్తాయి. ఇంకా పెద్దది చేస్తే బొమ్మ చిన్న చిన్న చదరాలుగా విడిపోతుంది. ఒక్కో చదరంలో అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది చుక్కలుంటాయి. ఆ చదరాల వెనక ఉన్న గణితం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. ఇంజనీరింగ్ వాళ్ళ నోట అది డీసీటీ. 1974 జనవరిలో ఒక పరిశోధన పత్రం ద్వారా అది లోకానికి తెలిసింది. ఆ పత్రం మీద మూడు పేర్లున్నాయి: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. మూడో ఆయన పూర్తి పేరు కామిశెట్టి రామమోహన్ రావు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చదివేవాళ్ళలో ఎంతమందికి ఈ పేరు తెలుసు?

డీసీటీ మూలం మాత్రం ఫ్రాన్స్‌లో ఉంది. దర్జీ కొడుకుగా పుట్టి, పదేళ్ళలోపే తల్లిదండ్రులను పోగొట్టుకున్న జోసెఫ్ ఫోరియర్, నెపోలియన్ కొలువులో గ్రెనోబుల్‌లో అధికారిగా ఉంటూనే వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టాడు. ఏ వంకర గీతనైనా సైన్, కొసైన్ తరంగాల కూడికగా రాయవచ్చని 1807 డిసెంబరులో పారిస్ పండితుల ముందు పెట్టాడు. పెద్దాయన లగ్రాంజ్ ఒప్పుకోలేదు. ఆ వ్యాసం అప్పుడు అచ్చుకాలేదు. తర్వాత అదే పనికి బహుమతి ఇచ్చినప్పుడు కూడా నిరూపణలో పటుత్వం లేదని ఒక మెలిక పెట్టారు. చివరికి 1822లో అది పుస్తకంగా వచ్చింది. సిగ్నల్స్ చదువుకు పునాది అదే. మాట అయినా, గుండె చప్పుడు అయినా, ఫొటోలో ఒక వరస అయినా, దాన్ని ఉన్నది ఉన్నట్టుగానూ చూడొచ్చు, అందులో ఏ తరంగం ఎంత పాళ్ళలో ఉందో విడదీసీ చూడొచ్చు. సమాచారం అదే, రాసుకునే తీరు వేరు.

మరి ఫోరియర్ పద్ధతి ఉండగా ఇంకొకటి ఎందుకు? ఫొటోలో ఎనిమిది చుక్కల వరస తీసుకుందాం. నీడలోంచి వెలుగులోకి వెళ్ళే గోడ అనుకోండి, ఒక్కో చుక్క వెలుగు ఒక్కో అంకె: 50, 55, 60, 65, 70, 75, 80, 85. ఫోరియర్ లెక్క ఈ వరస మళ్ళీ మళ్ళీ వస్తుందని భావిస్తుంది. అంటే 85 తర్వాత దబ్బున 50. గోడలో లేని ఆ గెంతును చూపించడానికి బోలెడు తరంగాలు కావాలి. డీసీటీ ఏం చేస్తుందంటే, వరస చివర అద్దం పెడుతుంది. 85 తర్వాత 85, 80, 75 అంటూ వచ్చిన దారినే వెనక్కి వెళుతుంది. గెంతు ఉండదు.

ఫలితం చూడండి. ఆ ఎనిమిది అంకెలకు డీసీటీ వేస్తే దాదాపు 191, −32, 0, −3, 0, −1, 0, 0 వస్తాయి. బరువంతా మొదటి రెండింటి మీదే. మిగిలిన ఆరింటినీ సున్నాలు చేసి, రెండే అంకెలతో గోడను మళ్ళీ కట్టి చూస్తే, ఎనిమిది చుక్కల్లో ఏ ఒక్కటీ అసలు విలువకు రెండుకు మించి తేడా రాదు. కన్ను పట్టుకోలేదు. ఎన్నిసార్లు కట్టి చూసినా నాకు ఇది ముచ్చటగానే ఉంటుంది.

బెంగళూరులో పుట్టిన అహ్మద్ 1972లో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, ఈ కొసైన్ ఆలోచన మీద పనిచేయడానికి డబ్బు ఇవ్వమని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగారు. ఇవ్వలేదు. ఇది మరీ సులువుగా ఉందని ఒక పరిశీలకుడు అన్నాడని ఆయనే తర్వాత రాసుకున్నారు. లగ్రాంజ్‌కు ఫోరియర్ మాట నమ్మశక్యంగా అనిపించలేదు, ఈ పరిశీలకుడికి అహ్మద్ మాట తేలికగా అనిపించింది. అయినా ఆయన వదలలేదు. 1973 వేసవిలో జీతం లేకపోయినా శిష్యుడు నటరాజన్‌తో, టెక్సాస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ శాఖలో ఉన్న మిత్రుడు రామమోహన్ రావుతో కలిసి పని పూర్తి చేశారు.

బొమ్మను తక్కువ అంకెల్లో ఇమడ్చడానికి అప్పటికి కర్హూనెన్–లోయెవ్ అనే పద్ధతిని ఆదర్శంగా చెప్పేవారు. కానీ ప్రతి బొమ్మకూ దాని తరంగాలను కొత్తగా వెతుక్కోవాలి, అది పెద్ద తలనొప్పి. డీసీటీ తరంగాలు ఎప్పుడూ అవే. అయినా ఫలితం ఆ ఆదర్శానికి చాలా దగ్గరగా వచ్చింది. రామమోహన్ రావు గారు అక్కడితో ఆగలేదు. అహ్మద్‌తో కలిసి 1975లో ట్రాన్స్‌ఫార్మ్‌ల మీద పాఠ్యపుస్తకం, 1990లో పి. యిప్‌తో కలిసి డీసీటీ మీదే ఒక పూర్తి గ్రంథం రాశారు. 1992లో ఫొటోలను కుదించే జేపెగ్ ప్రమాణం ఖరారైనప్పుడు దాని గుండెకాయ డీసీటీయే. ఒక్కో చదరంలో మొదట అడ్డవరసలకు, తర్వాత నిలువువరసలకు లెక్క వేసి, చిన్న అంకెలను సున్నాలు చేస్తారు. కోటీ ఇరవై లక్షల చుక్కల ఫొటోకు చుక్కకు మూడు బైట్ల చొప్పున 36 ఎంబీ కావాలి. మీ ఫోన్‌లో అది నాలుగైదు ఎంబీలకు సర్దుకుంటుంది. వీడియోలకు, ఎంపీ3 పాటలకు కూడా దీని రూపాలే వాడారు.

గోడల దగ్గర ఇది హాయిగా నడుస్తుంది. పట్టుచీర జరీ అంచు దగ్గర, నల్లటి ‘క్ష్మ’ ఒత్తు తెల్ల కాగితాన్ని తాకే చోట మాత్రం నిజమైన గెంతులుంటాయి. అక్కడ చిన్న అంకెలు కూడా అవసరమే. వాటిని పారేసినందుకే ఆ మరకలు.

సిగ్నల్స్ పాఠం చెప్పే మాస్టార్లకు ఒక మనవి. బోర్డు మీద సూత్రం రాసే ముందు పిల్లల ఫోన్లలోని ఒక మసకబారిన బొమ్మను పెద్దది చేయించి ఆ చదరాలు చూపించండి. 50 నుంచి 85 దాకా ఉన్న ఎనిమిది అంకెలను వాళ్ళ చేతే లెక్క కట్టించండి. ఆ మూడు పేర్లు కూడా బోర్డు మీద రాయండి.