పచ్చిరొట్ట, ఆకు ద్రావణ ఎరువులు

పచ్చి ఆకును, లేత కొమ్మలను మట్టిలో తొక్కి గానీ, నీళ్లలో మురగబెట్టి గానీ మొక్కకు అందించే ఎరువులివి. మట్టిలో తొక్కేదే పచ్చిరొట్ట. తెలుగు నేల మీద పాత అలవాటు అదే. పీపాలో మురగబెట్టే పద్ధతి ఊరూరా వినబడుతున్నది ఈమధ్యనే.

వరి నాట్లకు ముందు పడే వానకు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి, పూత దశలో, అంటే 40–45 రోజులకు, నీళ్లు పెట్టి కలియదున్నుతారు. చవుడు నేలకు జీలుగే మేలు. చల్లే వీలు లేనివాళ్లు కానుగ, జిల్లేడు, వెంపలి కోసుకొచ్చి దమ్ములో తొక్కేవారు. నాలుగు రోజులకు మడి నీరు నల్లబడి బుడగలొస్తాయి. కాలు పెడితే ఆకు మెత్తగా జారిపోతుంది, ఈనెలే గట్టిగా తగులుతాయి. ఆ కంపుకు ముక్కు మూసుకునే రైతును ఎవరూ చూసి ఉండరు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో ఆకు కోతకు ఆంక్షలు పడ్డాయి. గట్టు మీది చెట్టు విలువ అలాంటప్పుడే తెలుస్తుంది. నేడు గట్ల మీద కనిపించే గిరిపుష్పం (గ్లైరిసిడియా) మధ్య అమెరికా చెట్టు. కొమ్మ విరిచి పాతితే చాలు, బతుకుతుంది.

ద్రవ ఎరువుకు మన దేశంలో పుస్తక సాక్ష్యం ఉంది. సురపాలుడి సంస్కృత ‘వృక్షాయుర్వేదం’ చెప్పే కుణపజలం మాంసం, కొవ్వు, మూలుగ ఉడికించి, నువ్వుల పిండి, మినుములు, తేనె, నెయ్యి కలిపి పులియబెట్టేది. శాకాహారులు నొసలు చిట్లించే వంటకమే. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలోని ప్రతి ఆధారంగా నళినీ సాధలే చేసిన ఆంగ్లానువాదాన్ని 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ అచ్చువేసింది. ఆ ఫౌండేషన్‌ను స్థాపించిన వై.ఎల్. నెనె పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్త. తర్వాత మాంసం మాని, కలుపు మొక్కలు, పేడ, మూత్రంతో చేసే హరిత కుణపజలం వాడుకలోకి వచ్చింది.

ఇంగ్లండులో ఇదే పని కాంఫ్రీ అనే వెడల్పాకు మొక్క చేస్తుంది. కాగితాలకు పూసే జిగురు కోసం హెన్రీ డబుల్‌డే 1870లలో రష్యా నుంచి దాన్ని తెప్పించుకున్నాడు. జిగురు సంగతి తేలలేదు గానీ, మొక్క నిలిచింది. 1950లలో లారెన్స్ హిల్స్ బాకింగ్ ఊళ్లో రకాలను పోల్చి చూసి ‘బాకింగ్ 14’ను ఎంచాడు. అది విత్తనం కట్టదు, వేరు ముక్కతోనే నాటాలి. ఆకులో పొటాష్ మెండు. కుళ్లబెట్టిన నీటిని పది, పదిహేను రెట్లు పలచన చేసి టమాటాలకు పోస్తారు. కాలేయానికి చెరుపు చేసే ఆల్కలాయిడ్లున్నందున కాంఫ్రీ ఉన్న, నోటి ద్వారా తీసుకునే పదార్థాలను మార్కెట్ నుంచి తీసేయమని 2001లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ కోరింది. మొక్కకు పోయడానికే గానీ మనిషి లోపలికి తీసుకోవడానికి పనికిరాదన్నమాట.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిన ప్రకృతి వ్యవసాయంతో జీవామృతం పీపాలు పల్లెల్లోకి వచ్చాయి. ఈ పద్ధతి ప్రచారకుడు సుభాష్ పాలేకర్ చెప్పిన కొలత 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, తగినంత మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను. ఇందులో ఆకు లేదు. అందుకే పచ్చిరొట్ట స్థానం దానికి రాదు. రెండూ వేరు పనులు. గుజరాత్‌లోని సూరత్‌లో 2022 జులై 10న జరిగిన ప్రకృతి వ్యవసాయ సదస్సు కూడా ఈ దారినే ప్రచారం చేసింది.

చల్లని తడినేల మొక్క కాంఫ్రీని సూరత్ ఎండల్లో పెంచబోవడం కంటే, వజ్రాల సానకు పేరుపడ్డ వరాఛా వంటి పేటలోని డాబా తోటకు జిల్లేడు దగ్గరి దారి. గుజరాతీలు దాన్ని ఆకడో అంటారు, దాని పూలమాల హనుమంతుడికి వేస్తారు. మనం రథసప్తమికి దాని ఆకునే తలమీద పెట్టుకుని స్నానం చేస్తాం. కోసేటప్పుడు పాలు కంట్లో పడనివ్వకూడదు. ఆకు మురగబెట్టే డబ్బా మూత వదులుగా పెట్టాలి, అదీ పక్కింటి కిటికీకి దూరంగా.