చూపుకు గాజు, చట్టానికి గోడ

పారిస్‌లో డాక్టర్ జాన్ దల్సాస్ కుటుంబం కొన్న పాత భవనంలో పై అంతస్తు ముసలావిడ ఎంత చెప్పినా ఖాళీ చేయలేదు. చేసేది లేక ఆర్కిటెక్ట్ పియర్ షారో ఆవిడ వాటాను ఉక్కు స్తంభాల మీద అలాగే నిలబెట్టి, కింది అంతస్తులు పడగొట్టించి, ఆ ఖాళీలో కొత్త ఇల్లు కట్టాడు. 1932లో పూర్తయిన ఆ ‘మెజాన్ ద వేర్’ ముందు గోడ దాదాపుగా 20 సెంటీమీటర్ల చదరపు గాజు దిమ్మెలే. లోపలికి వెలుతురు పుష్కలం. ఆ ఇంట్లోనే డాక్టర్ దగ్గరికి వైద్యానికి వచ్చినవాళ్లు మాత్రం బయటివారి కంటపడరు. అయితే, గోడ కట్టడానికి వాడితే తమ పూచీ లేదని దిమ్మెలు తయారుచేసిన సెయింట్ గోబైన్ సంస్థ తేల్చేసింది. బరువంతా ఉక్కుకే అప్పగించారు.

గాజును నమ్మి గోడ కట్టొచ్చా అన్న సందేహం అంతకుముందు నుంచే ఉంది. స్విట్జర్లాండ్‌కు చెందిన గుస్తావ్ ఫాల్కనియే 1886లో బోలు గాజు ఇటుకలకు పేటెంట్ తీసుకున్నాడు. సీసాల్లా ఊది చేసిన ఆ ఇటుకలు చూడముచ్చటగానే ఉండేవి కానీ లోపల చెమ్మ పట్టేది, ఎండకూ చలికీ పగిలేవి. 1930ల్లో అమెరికా కంపెనీలు మరో దారి పట్టాయి. కరిగిన గాజును అచ్చులో నొక్కి రెండు సగాలు చేసి, వేడి మీదే అతికించాయి. చల్లారాక లోపలి గాలి పీడనం తగ్గి, ఇటుక వేడినీ చప్పుడునూ కొంత అడ్డుకునేది. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఓవెన్స్-ఇల్లినాయ్ కంపెనీ గాజు ఇటుకలతో ఏకంగా భవనమే కట్టి చూపించింది.

వెలుతురు కావాలి, లోపలి మనుషులు కనిపించకూడదు అనుకునే వీధి గుమ్మానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ గుమ్మం పక్కన గాజు అంటేనే చట్టం ఉలిక్కిపడుతుంది. దారి అనుకుని అద్దంలోకి నడిచేవాళ్లుంటారు, తూలి చెయ్యి ఆనించేవాళ్లుంటారు. మామూలు అద్దం పగిలితే ప్రతి ముక్కా కత్తే. అందుకే అమెరికా నిర్మాణ నిబంధనల ప్రకారం తలుపు అంచుకు 24 అంగుళాల లోపు ఉండి, కింది అంచు నేల నుంచి 60 అంగుళాల కన్నా దిగువన ఉన్న అద్దం సాధారణంగా టెంపర్డ్ లేదా లామినేటెడ్ వంటి భద్రతా రకానిదే అయ్యుండాలి.

గాజు ఇటుకలకు మాత్రం మినహాయింపు ఉంది. తాపీ పనికి రాసిన షరతులన్నీ పాటించాలన్నదే మెలిక. ప్రామాణిక ఇటుక మందం 3⅞ అంగుళాలకు తగ్గకూడదు. వరుసల మధ్య 16 అంగుళాలకు మించకుండా ఉక్కు తీగలు పరచాలి. పైనా పక్కలా కనీసం ⅜ అంగుళం సందు వదిలి మెత్తటి పట్టీ పెట్టాలి. ఇంటి బరువు మోయించనే కూడదు.

అన్నిట్లోకీ కీలకం ఆ సందు. గుమ్మం మీది దూలం కాస్త కుంగినా, ఎండకు గాజు సాగినా ఒత్తిడిని భరించేది అదే. చూడ్డానికి బాగోలేదని మేస్త్రీ అందులో సిమెంటు కూరితే పగుళ్లను పిలిచినట్టే. మినహాయింపు ఇచ్చింది కట్టే పద్ధతికి, ఇటుకకు కాదు. కాబట్టి గుమ్మం పక్కన గాజు ఇటుకలు పెట్టించుకునేవాళ్లు డిజైన్ ఎంచుకోవడానికి ముందే ఆ సందు ఎంత వదులుతారో మేస్త్రీని అడగడం మంచిది.