ఉత్తర్వు లేని నిషేధం

కళమీద ఆంక్షలు కొత్తవి కావు. రాజులూ, మతాధిపతులూ, వలసపాలకులూ తమకు గిట్టని పాటనూ, బొమ్మనూ, నాటకాన్నీ అణచటానికి ప్రయత్నించని కాలం లేదు. అయితే నేడు ఆ అణచివేత స్వరూపం మారింది. ఆ మార్పును చారిత్రకంగా అర్థం చేసుకోవలసిన అవసరం ఉంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. సుంకర, వాసిరెడ్డి 1947లో వెలువరించిన 'మా భూమి' నాటకానికీ అదే గతి పట్టింది. ఇవి క్రూరమైన చర్యలే. కాని వీటికి ఒక ఉత్తర్వు ఉండేది. దాని వెనుక జవాబు చెప్పవలసిన ఒక ప్రభుత్వం ఉండేది. ప్రజలు సభలు పెట్టి ఆ ప్రభుత్వాన్ని నిలదీయగలిగారు. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక 'మాలపల్లి' తిరిగి పాఠకుల చేతికి వచ్చింది.

ఇప్పుడు ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే విషయం చూద్దాం. 1863లో కబనెల్ గీసిన నగ్న వీనస్ బొమ్మను మూడవ నెపోలియన్ చక్రవర్తి స్వయంగా కొన్నాడు. దేవత పేరు పెట్టారు గనుక అది మర్యాదస్తుల కళ అయింది. 1866లో కూర్బే ఏ దేవత పేరూ తగిలించకుండా స్త్రీ దేహాన్ని ఉన్నదున్నట్టు గీశాడు. అదే 'ప్రపంచానికి మూలం'. దాని యజమానులు నూరేళ్ళకుపైగా దాన్ని తెరల చాటున దాచారు. కూర్బే 1871 పారిస్ కమ్యూన్‌లో సభ్యుడు, కళాకారుల సమాఖ్యకు నాయకుడు. కమ్యూన్ పతనమయ్యాక వాండోమ్ స్తంభాన్ని కూల్చిన నేరం ఆయనపై మోపి ఆరునెలలు జైలులో పెట్టారు. స్తంభాన్ని తిరిగి నిలిపే ఖర్చు కూడా నెత్తిన రుద్దారు. ఆయన 1877లో స్విట్జర్లాండు ప్రవాసంలో మరణించాడు.

ఆ బొమ్మ 1995లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం చేరింది. నాటినుంచి ఎవరైనా టిక్కెట్టు కొని చూడవచ్చు. కాని 2011లో ఒక ఫ్రెంచి ఉపాధ్యాయుడు దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టగా ఆయన ఖాతానే మూసివేశారు. ఆయన కోర్టుకు వెళ్తే, ఒప్పందం ప్రకారం వ్యాజ్యం కాలిఫోర్నియాలోనే వేయాలని కంపెనీ వాదించింది. ఆ షరతు చెల్లదని 2016లో అప్పీలు కోర్టు తేల్చింది. ముందుగా తెలియజేయకుండా ఖాతా మూయటం తప్పేనని 2018లో తీర్పు వచ్చింది. నష్టపరిహారం మాత్రం దక్కలేదు. ఒక బొమ్మకోసం ఏడేళ్ళ పోరాటం! ఎంతమంది కళాకారులకు ఇంత ఓపికా, ఇంత డబ్బూ ఉంటాయి?

చిత్రాలలో, శిల్పాలలో నగ్నత్వానికి తమ నియమాలు అనుమతిస్తాయనే కంపెనీ చెప్పుకుంటుంది. అయినా సుమారు 30,000 ఏళ్ళనాటి విల్లెన్‌డార్ఫ్ వీనస్ బొమ్మను కూడా తొలగించి, తర్వాత పొరపాటు అన్నది. వియత్నాం యుద్ధంలో నాపాం మంటలకు ఒళ్ళు కాలి పరుగెత్తే పసిపిల్ల ఫొటోను 2016లో నార్వే ప్రధానమంత్రి పేజీనుంచి సైతం తీసివేసింది. ఆ దేశపు పెద్ద పత్రిక సంపాదకుడు బహిరంగలేఖ రాసి, ప్రపంచమంతటా గగ్గోలు పుట్టాక గాని వెనక్కి తగ్గలేదు. ఇందులో వింతేమీ లేదు. ప్రకటనలమీద బతికే వ్యాపారానికి కళ ఒక సరుకు. కోట్ల బొమ్మలను జల్లెడపట్టే యంత్రానికి చర్మం కనిపిస్తుంది గాని, యుద్ధం కనిపించదు.

కంపెనీకి ప్రభుత్వం తోడైతే చీకటి మరింత చిక్కనవుతుంది. మన సమాచార సాంకేతిక చట్టం 69ఏ సెక్షను కింద ప్రభుత్వం ఒక విషయాన్ని కనపడకుండా చేయమని ఆదేశించగలదు. 2009 నాటి నియమాలలో 16వది ఆ ఫిర్యాదులనూ, చర్యలనూ గోప్యంగా ఉంచమంటుంది. కారణాలు రాతపూర్వకంగా ఉండాలన్న రక్షణను గుర్తించే 2015లో సుప్రీంకోర్టు ఆ సెక్షనును నిలబెట్టింది. కాని గోప్యత మాటున ఉన్న కారణాన్ని కళాకారుడు ఎలా ప్రశ్నించగలడు? 2021లో కార్టూనిస్టు మంజుల్‌కు, మీ ఖాతాపై భారత అధికారులు అభ్యంతరం చెప్పారని ట్విట్టర్ తెలియజేసింది. ఏ కార్టూన్‌పై అభ్యంతరమో అందులో లేదు.

'మాలపల్లి' నిషేధాన్ని నేడు మనం పరిశోధించగలుగుతున్నామంటే, ప్రభుత్వ దస్తాలలో దాని ఆనవాలు మిగిలినందువల్లే. నేటి నిషేధానికి ఆనవాలేది? రేపటి చరిత్రకారునికి ఏం దొరుకుతుంది? తొలగించిన ప్రతిదానికీ కారణం రాసి ఇవ్వాలనీ, అప్పీలుకు దారి ఉండాలనీ మనం కోరాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. యూరపు సమాఖ్య చట్టం ఈ బాధ్యతను వేదికలకు వర్తింపజేసింది. ఆ హక్కు మనకు పూర్తిగా దక్కేవరకు, మాయమైన బొమ్మనూ, తేదీనీ, చెప్పిన కారణాన్నీ, కారణం చెప్పకపోతే ఆ సంగతినీ మనమే రాసి ఉంచాలి. విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ప్రతి కళాశాలలో ఇటువంటి చిట్టా ఒకటి నేడే తెరవవచ్చు. వారు ఉత్తర్వు రాయకపోయినా మనం చరిత్ర రాయగలం.