మత్తు విడేదాకా ఊపిరికి కాపలా

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే మన ప్రాణాలన్నీ ఆ తలుపు దగ్గరే ఉంటాయి కదా! కుట్లు వేశారనగానే గండం గడిచిందనుకుంటాం. కాని మత్తు విడే ఆ కాసేపూ జాగ్రత్తగా దాటవలసిందే. ఈ విషయంలో మన హైదరాబాదుకు పెద్ద చరిత్రే ఉంది.

గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉన్న నిజాం రోజులవి. అప్పుడు క్లోరోఫారం వాసన చూపించి ఆపరేషన్లు చేసేవారు. కొందరు బల్ల మీదే కన్నుమూసేవారు. అందుకని నాడి చూడాలా, ఊపిరి చూడాలా అని వైద్యులలో పెద్ద వాదం నడిచింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ దొర ఊపిరే చూడాలన్నాడు. దాన్ని తేల్చడానికి 1888లో, 1889లో రెండు సంఘాలు జంతువుల మీద పరీక్షలు చేశాయి. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఖర్చు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చాడు. ముందు ఊపిరి ఆగి, తర్వాతే గుండె ఆగుతుందని తేల్చారు. అది సగం నిజమే. క్లోరోఫారం ఒక్కోసారి గుండెనే తటాలున ఆపేస్తుందని 1911లో లెవీ అనే వైద్యుడు చూపించాడు. అందుకే ఇప్పుడు రెండూ చూస్తారు.

ఆ ఆసుపత్రిలోనే వైద్యం నేర్చి, రోగులకు క్లోరోఫారం ఇచ్చిన స్త్రీ డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. మత్తు ఇచ్చే వైద్యులలో ప్రపంచంలోనే తొలి మహిళ ఆవిడేనంటారు. 1909లో ఎడింబరో వెళ్లి మరింత చదివివచ్చారు.

మత్తులో దవడ సడలి, నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డుపడుతుంది. డాక్టరు గడ్డం పైకెత్తి దారి తెరుస్తారు, మాస్కుతో ఆక్సిజన్ పెడతారు. ఊపిరి చాలకపోతే సంచి నొక్కి గాలి పంపుతారు. గొంతులో గొట్టం ఉంటే, రోగి తనంతట తాను బాగా ఊపిరి తీస్తున్నాడని చూశాకే తీస్తారు. వేలికి పెట్టే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది.

వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్యం దగ్గరకొచ్చింది; మన వంతు జాగ్రత్త మనదే. ఆపరేషన్‌కు ముందు ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో దాచకుండా చెప్పండి. జాలిపడి గుక్కెడు కాఫీ కూడా చాటుగా పోయకండి. అది వాంతిగా వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. వార్డుకు తెచ్చాక గురక వినిపిస్తే హాయిగా నిద్రపోతున్నారనుకోకండి. పెదవులు నీలంగా మారినా, ఛాతీ కదలిక తగ్గినా వెంటనే నర్సమ్మను పిలవండి. మొహమాటం వద్దు!