అమెరికాలో దంత విద్య, పరిశోధన నిధుల కోసం రాజకీయ కృషి

దంత వైద్య కళాశాలలకూ, నోటి జబ్బుల పరిశోధనకూ ప్రభుత్వ సొమ్ము రాబట్టడానికి అమెరికాలో దంత వైద్యులు, అధ్యాపకులు, విద్యార్థులు చట్టసభల చుట్టూ దశాబ్దాలుగా తిరుగుతున్నారు. ఈ కృషికి పునాది వేసినవాడు జీవరసాయన శాస్త్రవేత్త విలియం గీస్. దంత వైద్యం వట్టి చేతిపని కాదనీ, దాన్ని విశ్వవిద్యాలయాల్లో శాస్త్రంగా నేర్పాలనీ కార్నెగీ ఫౌండేషన్ కోసం 1926లో రాసిన నివేదికలో ఆయన గట్టిగా వాదించాడు.

ఆ వాదన ప్రభుత్వం చెవికెక్కడానికి యుద్ధం రావలసి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తొలినాళ్లలో సైన్యంలో చేరాలంటే ఒకదానికొకటి ఆనే ముందు పళ్లు మూడు జతలు, నమిలే పళ్లు మూడు జతలు ఉంటే చాలు. ఆ పన్నెండూ లేక ఎందరో యువకులు వెనుదిరిగారు. చివరికి 1942లో సైన్యమే నిబంధన సడలించింది. యుద్ధం ముగిశాక, 1948 జూన్ 24న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన చట్టంతో జాతీయ దంత పరిశోధన సంస్థ ఏర్పడింది. దాని తొలి డైరెక్టర్ ట్రెండ్లీ డీన్. నీటిలోని ఫ్లోరైడ్‌కూ పళ్ల మీది మచ్చలకూ ఉన్న సంబంధాన్ని ఊరూరా పరిశీలించినవాడు. అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు బయటపడిందని గుర్తుచేసుకుంటే ఈ పరిశోధన విలువ తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు.

చట్టం వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. పరిశోధనకూ, దంత వైద్యుల శిక్షణకూ ఎంత ఇవ్వాలో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఏటా బడ్జెట్‌లో తేలుస్తుంది. అందుకే 1923లో మొదలైన దంత విద్యా సంఘం వంటివి ఏటా కాంగ్రెస్ సభ్యులను కలిసి పద్దుల వారీగా అడుగుతాయి. చికిత్స ఖర్చు విషయంలోనూ చట్టాలదే కీలక పాత్ర. 1965లో వచ్చిన వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్ మామూలు దంత చికిత్సను పక్కన పెట్టడం వృద్ధులకు జరిగిన పెద్ద అన్యాయం. అది ఇంకా సరికాలేదు.

2007లో మేరీలాండ్‌లో ఒక పన్నెండేళ్ల పిల్లవాడు చనిపోయాడు. పుచ్చిన పంటి చీములోని సూక్ష్మజీవులు మెదడుకు పాకాయి. సుమారు 80 డాలర్లతో ఆ పన్ను తీయించి ఉంటే బతికేవాడు. ఆ మరణం కాంగ్రెస్‌ను కదిలించింది. 2009లో పిల్లల ఆరోగ్య బీమా చట్టం ఆ బీమాలో దంత చికిత్సను తప్పనిసరి చేసింది.

దంత పరిశోధన సంస్థ కూడా ఉన్న జాతీయ ఆరోగ్య సంస్థల్లోని 27 విభాగాలను 15కు కుదించాలని 2024లో ప్రతినిధుల సభలో ఒక ప్రతిపాదన వచ్చింది. దంత పరిశోధన సంస్థను మరో విభాగంలో కలపడం అందులో భాగం. సొంత పద్దు పోతే నోటి క్యాన్సర్, గ్రహణమొర్రి, లాలాజల పరిశోధనలు వెనకబడతాయంటూ దంత విద్యా, పరిశోధన సంఘాలు దాన్ని వ్యతిరేకించాయి.